మైదానం కోసం కొలువుకెళ్లిన పొకువా

"పొకువా, పరుగెత్తు! మన గోల్‌పోస్టులు పీకేస్తున్నారు!"

అజెకుమ్ కేక వినగానే పొకువా తింటున్న కాల్చిన అరటికాయ పడేసి పరుగెత్తింది. బడి వెనక మైదానంలో అప్పటికే గుంజలు పాతుతున్నారు. బజారులో అమ్ముకునే బిరాగో అత్తా, మిగతావాళ్లూ అక్కడ కొట్లు వేస్తారట!

"ఎవరిమ్మన్నారు?"

"ఇంకెవరు, మీ మామయ్య! రాజుగారి మేనకోడలివి, నీకే తెలీదా?" అన్నాడు అజెకుమ్ వెటకారంగా.

పొకువాకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా రాజుగారి వాకిట్లోకి దూసుకెళ్లింది. పెద్ద గొడుగు కింద మామయ్య కొలువు తీరి ఉన్నాడు. కొలువులో ఆయన్ని అందరూ 'నానా' అంటారు. పక్కనే బంగారు పిడి కర్రతో ఒచామె తాత. జనం మాట రాజుకి, రాజు మాట జనానికి చేరవేసేది ఆయనే.

పొకువా ఆయనవైపు చూడనైనా లేదు.

"మామయ్యా! మా మైదానం ఎలా ఇచ్చేస్తావు? ఇదిగో, ఈ బిరాగో అత్తే కాజేసింది. దొంగ!"

కొలువంతా కొయ్యబారిపోయింది. ఓ పక్కన కూర్చున్న బిరాగో కొంగుతో ముఖం కప్పుకుంది. రాజుగారు పెదవి కదపలేదు.

రాజమాత లేచింది. ఆమె పొకువాకి అమ్మమ్మ. రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"మామయ్య నాతో మాట్లాడడేం?"

"మాట్లాడితే ఏమనేవాడు? నీకంటే వాడికే ఎక్కువ కోపమొచ్చింది. రాజు నోరు జారితే ఆ మాట వెనక్కి తీసుకోలేడే పిల్లా. ఒచామె మీదుగా వచ్చేసరికి మాట కాస్త చల్లారుతుంది."

"నా కోపం చల్లారదు!"

"చల్లారక్కర్లేదు. బిరాగో ఏం దొంగిలించిందో అది చెప్పు. మొన్న బజారు తగలబడినప్పుడు ఆమె కొట్టు బూడిదైపోయింది కదా?"

 ఆ పొగ బడి కిటికీలోంచి పొకువా కూడా చూసింది. ఎవరి కొట్టు కాలిందో మాత్రం అడగలేదు.

చెప్పులు విప్పి మళ్లీ కొలువులోకి వెళ్లింది. ఈసారి ఒచామె ముందు నిలబడింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

"తాతా, నానాకి చెప్పండి. మమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా మా మైదానం ఇచ్చేశారు. అది తప్పు. కొట్లు సగంలో వేసుకుని మిగతా సగం మాకు వదలాలి."

ఒచామె ఆ మాటలే నెమ్మదిగా విన్నవించాడు. రాజుగారు ఆయన చెవిలో ఏదో చెప్పారు.

"పిల్లల్ని అడగకపోవడం పొరపాటే అంటున్నారు నానా. రేపు స్థలం కొలిచి పంచేటప్పుడు మీరూ రండి. ఇంకేమైనా విన్నవించేది ఉందా?"

"ఉంది తాతా. కానీ అది నానాకి కాదు."

పొకువా బిరాగో దగ్గరికి వెళ్లి మోకాళ్లమీద కూర్చుంది. దొంగ అన్నందుకు క్షమించమన్న మాట ఎవరి చేతా చెప్పించలేదు. తనే చెప్పింది, అందరికీ వినబడేలా.