కింద గదిలో డిస్కు పెట్టె

రేయ్, మూసేసిన మిల్లు ఆఫీసు కింద ఒక గది ఉంది చూడు... దాని పేరెత్తితేనే జనం దారి మార్చేస్తారు. రాత్రి లోపలికెళ్ళిన కాపలావాడు రెండు కాళ్ళూ నుజ్జయి దొరికాడు. తర్వాత వెళ్ళినోడికి పక్కటెముకలు పోయాయి. ఇద్దరిదీ ఒకటే మాట — లోపల ఏదో నడుస్తోంది.

తుప్పు బాబాయ్‌కి ఇదంతా జోకు. ఆయనకి పాత కంప్యూటర్లు పోగేసే పిచ్చి. ఫేమస్‌వి కాదు, ఎవడూ గుర్తుపెట్టుకోని కంపెనీలవి, బీరువా అంతేసివి. ఆ గదిలో ఉన్న మినీకంప్యూటర్ అలాంటిదే. ఇంకెక్కడా మిగల్లేదు.

దాన్ని తుక్కు వ్యాపారి బండోడు కొనేశాడు. తెల్లారేలోపు ముక్కలు చేసి గది ఖాళీ చెయ్యాలి.

బాబాయ్ బతిమాలుకుంటూ వాడి వెనకే మెట్లు దిగాడు.

"లెక్కలన్నీ దాచుకునే ఆ ఒక్క డిస్కు పెట్టె అయినా వదిలెయ్‌రా."

"నీకు పిన్ని కంటే ఈ డబ్బాలే ముద్దు బాబాయ్. జరుగు."

సమ్మెటతో ఒక్కటిచ్చాడు. బీరువా తలుపు ఊడిపడింది. ఇంకోటి... గాజు పెంకు ఎగిరొచ్చి వాడి చెంప చీరేసింది.

అప్పుడు మొదలైంది — గర్ర్... టక్... గర్ర్...

వాషింగ్ మెషీన్ అంత డిస్కు పెట్టె. జరుగుతోంది. బండోడి వైపే. తప్పుకునేలోపే వాణ్ణి గోడకేసి అదిమేసింది. మోకాలు పుటుక్కుమంది.

బాబాయ్‌కి మాత్రం నవ్వొచ్చినంత పనైంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. లోపల డిస్కు మీద ఉన్నది చదివే ఇనప చేతులు అటూ ఇటూ గట్టిగా ఊగితే ఈ పెట్టెలు నడుస్తాయి. అప్పట్లో ఆఫీసుల్లో మామూలేరా. నీ దెబ్బకి స్విచ్ పడుంటుంది. ఆగు, ప్లగ్ పీకేస్తా."

టార్చ్ నోట్లో పెట్టుకుని, వైరు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళాడు. ఆ వైరు గోడ దాకా పోలేదు... తెగిన కొస చేతిలోకొచ్చేసింది.

"బాబాయ్..." బండోడు మూలుగుతూనే అన్నాడు. "వైర్లన్నీ పొద్దున నేనే కోసేశా... రాగి కోసం. ముందు చేసే పనే అది."

గర్ర్... టక్... మళ్ళీ ఎముక పటపటా. నేలంతా రక్తం.

బాబాయ్ ఆ పెట్టె వైపు చూశాడు. ప్రపంచం మొత్తానికి అదొక్కటే. పళ్ళు బిగించి సమ్మెట ఎత్తాడు.

చప్పుడు ఆగిపోయింది. పెట్టె బండోడి కాలు వదిలేసింది —

మెల్లగా... బాబాయ్ వైపు తిరిగింది.