ఆగమన్న గొంతు

“నీ గొంతు వింటేనే జనానికి ఒళ్లు మండుతోంది!” అంటూ ఫిర్యాదుల డెస్కు అమ్మాయి సర్వర్ గది కుర్రాడి మీదికి దూసుకొచ్చిన రోజే వాళ్ల ప్రేమ మొదలైంది. ప్రేమలకు అంతకన్నా మంచి ముహూర్తాలు దొరకవు.

ఆ కంపెనీ ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడుపుతుంది. సర్వర్ మోయగలిగినంత నిండగానే కొత్త కాల్స్‌ను గుమ్మంలోనే ఆపడం అతని పని. అందుకే అందరూ “గేటు” అంటారు. రికార్డింగులో గొంతూ అతనిదే: “లోపల ఖాళీ లేదు. ఒక్క నిమిషం ఆగి చేయండి.” ఆగకుండా మళ్లీ కొడితే రెండు నిమిషాలు, ఆపైన నాలుగు. తొందరపడ్డకొద్దీ రెట్టింపు.

ఏడాదిలో ఆ తిట్లు టీ కప్పుల దాకా వచ్చాయి.

“రేపు పదింటికి నాన్న నీకు ఫోన్ చేస్తారు. మాట కలవకపోతే వేరే సంబంధం ఖాయం చేస్తారట. ఆయన ఓపిక ఆవగింజంత, జాగ్రత్త!” అందామె.

మర్నాడే పరీక్షా ఫలితాలొచ్చాయి. ఊరంతా ఒక్కసారే ఫోనెత్తింది. ఆపిన నంబర్లలో పెద్దాయనది కనబడింది. ఎనిమిదిసార్లు! శిక్ష నూట ఇరవై ఎనిమిది నిమిషాలు. తానే చేద్దామని చూస్తే తన గొంతే ఆగమంది.

“ఒక్క మీట నొక్కి నాన్నని లోపలికి పంపు!” అంటూ ఆమె పరుగెత్తుకొచ్చింది.

“పొద్దుట్నుంచి ఆఫీసులో ప్రతివాడూ తనవాళ్లని తోయమంటున్నాడు. అందరికీ తెరిస్తే లోపల మాట్లాడేవాళ్ల కాల్సన్నీ తెగుతాయి.”

“నా పెళ్లి తెగినా పర్లేదా?”

అతని చెయ్యి మీట దాకా వెళ్లింది. వెనక్కొచ్చింది.

అరగంటకి పెద్దాయన మెట్లెక్కి రొప్పుతూ దిగబడ్డాడు. “నన్ను ఎనిమిదిసార్లు ఆగమన్న మొనగాడెవడు?”

“నేనేనండీ. లోపల నిండిపోయిందండీ.”

“నేనెవర్నో తెలిసే ఆపావా?”

“తెలిసేనండీ,” అన్నాడు గేటు, ఏడుపుగొంతుతో.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు మరి.

“నా పెళ్లి కుదిరాక మా మామ ఓరోజు స్టాపులో చెయ్యెత్తాడు. బస్సు నిండింది. బెల్లు కొట్టేశా. మూడేళ్లు పిల్లనివ్వలేదు ముసలాడు!”

“మరేం చేశారండీ?”

“ఆగా! ఏం చేస్తాను?” అని కూతురి వంక చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది. “నువ్వు మాత్రం ఆగక్కర్లేదు లేవోయ్.”

బల్ల మీద టకటకా రెండుసార్లు కొట్టాడు.

“రైట్ రైట్!”