సిద్దమ్మను పిలిచే మిద్దె

డోన్ దాటినాక గుట్ట మలుపు తిరగ్గానే ఒక కొత్త మిద్దె కనిపిస్తుంది. పొద్దు గూకినాక దాని ముందు బీడీ ముట్టించుకోవడానికి కూడా ఎవరూ నిలబడరు. ఆ ఇంట్లో మనిషి లేడు... గొంతు మాత్రం ఉంది.

"సిద్దమ్మా... తాల్... తాల్..."

మామూలు దెయ్యాలకు ఎవరు దొరికితే వాళ్లే చాలు. దీనికి మాత్రం సిద్దమ్మే కావాలి.

సిద్దమ్మ ఆ ఇంటి యజమానురాలే. ఆ ఊళ్లో విమానం ఎక్కింది ఆమె ఒక్కతే. కువైట్‌లో పదేళ్లు ఒక ముసలామెకు సేవ చేసి కట్టించుకున్న మిద్దె అది. ఒక్క రాత్రి కూడా అందులో పండుకోలేదు.

తమ్ముడు ఓబుళేశు పొట్టేలును కోయించాడు. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. భూతవైద్యుణ్ణి కూడా తెచ్చాడు. ఆయన విభూతి చల్లి "ఎవరు నువ్వు?" అని గద్దిస్తే, లోపలినుంచి "యల్లా! యల్లా!" అని అంతకు రెట్టింపు గద్దింపు వచ్చింది. ఆ భాషకు తన దగ్గర మంత్రం లేదని, తీసుకున్న దక్షిణ కూడా వెనక్కిచ్చి వెళ్లిపోయాడు. ఊరు అసలు భయపడింది అప్పుడే!

ఓబుళేశు ఇదేదీ అక్కకు చెప్పలేదు. చెబితే రాదని భయం... వస్తే బతకదని భయం. చివరికి ఆమె పెట్టె దించుకుని గడప ముందు నిలబడ్డాక చెప్పక తప్పలేదు.

"అక్కా, ఈ పొద్దుకు మా ఇంట్లో పండుకో. ఈ ఇల్లు నిన్ను పేరు పెట్టి పిలుస్తాండాది."

"నా ఇల్లు నన్ను పిలవకుంటే ఇంకెవర్ని పిలుస్తాదప్పా? పదేండ్లు ఒకరి పిలుపుకు లేచినా. ఈ పొద్దు కాళ్లు చాపుకొని కూసుంటా. దెయ్యం పిలిచినా సరే, లెయ్యను."

నడిమింట్లో కుర్చీ వేసుకుంది. కాళ్లు చాపింది. ఓబుళేశు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడ్డాడు. బయట చీకటి పడింది.

గుర్రుమని ఏదో చప్పుడు...

"సిద్దమ్మా... తాల్..."

ఓబుళేశు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి — కుర్చీ ఖాళీ!

సిద్దమ్మ వంటింట్లో ఉంది. పొయ్యి మీద నీళ్లు, చేతిలో టీపొడి. ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నిజంగానే పట్టుకుందా?

"జాయా యుమ్మా!" అంది ఆమె నోరు, దానంతట అదే. వస్తున్నానమ్మా, అని.

అంతలో ఆగిపోయింది. తాల్ అంటే రా అని. ఆ పిలుపుకు ఈ మాట పదేళ్లుగా ఎవరితో అన్నది?

మెల్లగా నడిమింట్లోకి వచ్చి గుమ్మం వైపు తలెత్తింది. నిమ్మకాయల వెనక ఎర్రగా ఒక చుక్క మెరుస్తోంది... కెమెరా. ఇంటిని అక్కణ్ణించి ఫోన్‌లో చూసుకోవాలని ఆమె పెట్టించిందే. పనులు చేసుకుంటూ ఫోన్ ముసలామె దిండు పక్కన పెట్టేది. వచ్చేరోజు ఆ ముసలామె ఫోన్ వదలక ఏడిస్తే, అక్కడే వదిలేసి వచ్చింది. కెమెరాకు కన్నుందని అందరికీ తెలుసు. నోరు కూడా ఉందని, ఫోన్ మీద ముసలామె వేలు పడితే అది తెరుచుకుంటుందని సిద్దమ్మకు కూడా తెలియదు.

విషయం వినగానే ఓబుళేశుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "వైరు పీకేస్తా!" అంటూ కుర్చీ ఎక్కాడు.

"కుర్చీ ఎక్కినోడు ఎవడే సిద్దమ్మా? దొంగ నాయాలు!"

అచ్చమైన డోన్ తెలుగు. ఓబుళేశు కుర్చీతో సహా కింద పడ్డాడు.

పదేళ్లలో తనకు అరబీ వచ్చిందనుకుంది గాని, ముసలామెకు తన మాట అంటుకుందని సిద్దమ్మకు ఎన్నడూ తట్టలేదు. నవ్వింది. నవ్వుతుంటేనే ఏడుపు వచ్చింది.

"నా తమ్ముడే యుమ్మా!"

"అట్లనా... చాయ్ తాగినావా?"

పదేళ్లు యల్లా, తొందరగా అంటూ చాయ్ తెమ్మన్న గొంతు అది. తాగావా అని అడగడం ఇదే మొదలు.

సిద్దమ్మ గ్లాసు తెచ్చుకుంది. కుర్చీ లేపి కూర్చుని, కాళ్లు చాపింది. "తాగుతాండా యుమ్మా."

ఓబుళేశు ఊరంతా తిరిగి అసలు సంగతి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆ మిద్దె ముందు ఇప్పటికీ బీడీ వెలగదు. అప్పుడు ఒక్క గొంతే... ఇప్పుడు రెండు కలిసి నవ్వుతున్నాయి మరి!