పట్టీ తీసేశాక

పేపరు ప్రెస్సులో మెషిన్ నడిపే మనిషికి పగలే రాత్రి. పొద్దున్నే ఇంటికొచ్చి, కిటికీ తెరలు దించి, మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. సిగరెట్ మానేసి ఆ రోజుకి పదకొండు రోజులు. మానక ఏం చేస్తాడు? ఇంట్లో పొగ ఉంటే ఆయాసపు పిల్లకి ఊపిరి నిలవదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేసింది. పిల్లంటే ఏడేళ్ల కూతురు, ఒక్కతే కూతురు.

సిగరెట్ మీద యావ తగ్గడానికి రోజుకి రెండు మాత్రలు, భుజాన ఒక నికోటిన్ పట్టీ. పడుకునేముందు పట్టీ తీసేయాలనీ, లేకపోతే పిచ్చి కలలొస్తాయనీ మందుల షాపాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. లేవగానే నోరు పీకేస్తుందని ఈయనగారి భయం. తీయకుండానే పడుకున్నాడు.

మూడింటికి మెలకువ వచ్చింది. గది చీకటిగా, ఉక్కగా ఉంది. భార్య ఆఫీసులో, పాప బడిలో. అయినా మూసి ఉన్న బాల్కనీ తలుపు అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు... వెనకే పొగ వాసన.

కలేనని నవ్వుకున్నాడు. పట్టీ పీకి చెత్తబుట్టలో పడేసి, మొహం కడుక్కున్నాడు. వాసన పోలేదు. ఇంకా చిక్కబడింది.

అది అన్న తాగే సిగరెట్ వాసన. అన్నదమ్ములిద్దరూ ఒకే మెషిన్ మీద పనిచేసేవాళ్లు, ఒకే అగ్గిపుల్లతో రెండు సిగరెట్లు ముట్టించుకునేవాళ్లు. ఊపిరితిత్తులు పాడై అన్న పోయి తొమ్మిదేళ్లయింది. పాప అప్పటికి పుట్టనే లేదు.

తలుపు అవతల ఎవరో దగ్గారు.

"మానేశావంటరా?"

"మానేశానన్నా... పాప కోసం."

అవతల మళ్లీ దగ్గు.

"ఒక్కణ్ణే తాగలేనురా... తోడు రా."

వెళ్లాలనిపించింది. అదే అసలు భయం. ఒక్క దమ్ము... ఒక్కటంటే ఒక్కటి... చెయ్యి గడియ మీద పడింది కూడా. పాప ఊపిరందక గుడ్లు తేలేసిన రోజు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేను రాను."

"సరేలే."

అంతే. వాసన మాయమైంది. గండం గడిచిందనుకుని, మంచం మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాలుగింటికి పాప వచ్చింది. బ్యాగు కింద పడేసి, నాన్న వైపు చూడనైనా చూడకుండా గడియ తీసి బాల్కనీలోకి వెళ్లింది. లోపలికి రమ్మని పిలిచాడు. రాలేదు. పిట్టగోడకి ఆనుకుని, పక్కనున్న ఖాళీలోకి చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఉండు నాన్నా. పెదనాన్న ఒక్కడే ఉన్నాడు."

బయట ఎండ మండిపోతోంది. పాప నోట్లోంచి తెల్లగా, తీరిగ్గా, పొగ బయటికొచ్చింది.