అర సెకను ఆలస్యం

ఉదయం ఎనిమిదీ పదికి ఆ పెద్దమనిషి పాల ప్యాకెట్టు పట్టుకుని రైల్వే ఫుట్‌బ్రిడ్జి మెట్లు దిగుతున్నాడు. వెనక నుంచి వచ్చిన ఒకతను "సారీ సర్" అంటూ మెడ పక్కగా చెయ్యి తగిలించి ముందుకు వెళ్లిపోయాడు. పెద్దమనిషి ఇంకో నాలుగు మెట్లు దిగాడు. ఐదో మెట్టు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

గుండెపోటు అన్నారు. అరవై రెండేళ్ల మనిషి, ఇదివరకే ఒకసారి వచ్చి ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు. రూలు ప్రకారం పోస్టుమార్టం చేసిన డాక్టరుకు మాత్రం మెడ వెనక, జుట్టు మొదట్లో, దోమకాటంత చుక్క కనిపించింది.

మూడో రోజు ఉదయం ఏడింటికి ఆ చుక్క ఫొటో చీఫ్ టేబుల్ మీద ఉంది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ దాన్ని చూశాడు. టీలో బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. మళ్లీ చూశాడు.

డిపార్ట్‌మెంటులో అతన్ని గుమాస్తా అంటారు. ఒకసారి చూస్తే గుర్తుండని మొహం, కాస్త వంగిన భుజాలు. ఈ వృత్తికి అంతకంటే మంచి ఆస్తి లేదు. పోయిన ఏడాది ఒక ఆపరేషన్‌లో, ఇదే డిపార్ట్‌మెంటులో పనిచేసే అతని తమ్ముడు చనిపోయాడు. అప్పట్నుంచి గుమాస్తా సెలవు పెట్టలేదు, ఏడవలేదు, నవ్వలేదు. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాడు.

"ఎవరు సర్ ఈయన?"

"ప్రోగ్రామర్. ఇంట్లో కూర్చుని, ఎవరూ అడక్కుండా, ఇరవై ఏళ్లుగా ఒక చిన్న ప్రోగ్రామ్‌ని కనిపెట్టుకుని ఉన్నాడు. పెద్ద ఫైళ్లని నొక్కి చిన్నవి చేస్తుంది. అంతే."

"దానికి చంపుతారా?"

"అది ఎక్కడ నడుస్తోందో విను." చీఫ్ రెండు వేళ్లు ఎత్తాడు. "రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. మొదటిది మొలక. తొమ్మిది వేలమంది వాలంటీర్లు ఎవరిళ్లల్లో వాళ్లు కూర్చుని కట్టారు. కోడ్ అంతా బహిరంగం, ఎవరైనా చూడొచ్చు. కొత్తదేదైనా ముందు అక్కడికే వస్తుంది. రెండోది స్తంభం. ఒక కంపెనీది. మొలకలో నలిగి నిలబడిన కోడ్‌ని తీసుకుని, ల్యాబ్‌లో విరగ్గొట్టి చూసి, పదేళ్ల హామీతో ఇస్తుంది. ఆస్పత్రులు, రైలు సిగ్నళ్లు, కరెంటు గ్రిడ్ అన్నీ స్తంభం మీదే."

"అంటే మొలకలో విషం కలిస్తే..."

"స్తంభంలో తేలుతుంది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండుకి కంపెనీ మెషీన్ మొలక నుంచి తాజా కాపీ లాక్కుని, సీల్ వేసి, గ్రిడ్ కంట్రోల్ రూములకి పంపేస్తుంది. సరిహద్దు అవతలి ముఠా, మనం దర్జీలు అంటామే, వాళ్లు ఈయన ప్రోగ్రామ్‌లో దొంగ తలుపు కుట్టారని మాకు సమాచారం. ఎక్కడ కుట్టారో తెలీదు."

"కంపెనీకి ఫోన్ చేసి ఆపమనొచ్చుగా?"

"రుజువేదీ? ప్రభుత్వం చెప్పిందని ఇవాళ కోడ్ ఆపితే, ప్రభుత్వం చెప్పిందని రేపు కోడ్ కలుపుతారా అని అడుగుతారు. అడగాల్సిందే కూడా. పైగా కంపెనీలో దర్జీల మనిషి ఒకడున్నాడు. మన మనిషీ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. రిలీజ్ మేనేజర్. వాళ్ల కబుర్లు మనకి చేరేస్తుంది. మన కబుర్లు వాళ్లకి చేరేస్తోందేమోనని నా అనుమానం. 'కిటికీ తెరుచుకుంటుందా?' అని అడుగు. 'తెరుచుకోదు, పగులుతుంది' అంటే మన మనిషి."

"అనకపోతే?"

"అప్పుడు నీ ఇష్టం."

*

తొమ్మిదిన్నరకి గుమాస్తా బ్రాడ్‌బ్యాండ్ మెకానిక్ వేషంలో మూడో అంతస్తు ఫ్లాట్ బెల్ కొట్టాడు. చెవిలో బఠాణీ గింజంత రిసీవర్, చొక్కా గుండీలో కెమెరా.

తలుపు తీసింది పెద్దమనిషి భార్య. హాల్లో ఇస్త్రీ బల్ల వేసి ఉంది. దాని మీద మగవాళ్ల చొక్కాలు, మడత నలగకుండా, ఓ డజను.

"లైన్ చెక్ చెయ్యాలమ్మా."

ఆవిడ అతని చేతుల వంక చూసింది. "లైన్‌మన్ గోళ్లు ఇంత శుభ్రంగా ఉండవు బాబూ. పోలీసా?"

"అలాంటిదే."

"రండి. ఆయన పోలేదు, పంపించేశారని నాకు తెలుసు. ఎవరైనా వచ్చి అడుగుతారని మూడు రోజులుగా చూస్తున్నాను." గొంతులో వణుకు లేదు. ఇస్త్రీ పెట్టె ఆపి పక్కన పెట్టింది. "ఏడుపు రావట్లేదు. చుట్టాలు వింతగా చూస్తున్నారు. చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాను. ఇంక చేసేందుకు చొక్కాలు లేవు."

గుమాస్తాకు ఆ మాట బాగా అర్థమైంది.

ఆవిడ ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫ్‌రీడరుగా చేసి రిటైరైంది. కోడ్ తెలియదు. కానీ ఆ ప్రోగ్రామ్‌లో ఏ మార్పు జరిగినా, ఎందుకు మార్చారో రాసే ఇంగ్లిష్ నోట్సు ప్రతి ఒక్కటీ ఆవిడ కళ్ల కింద నుంచే పోయేది. అట్టపెట్టెలోంచి ప్రింటు కాగితాలు తీసి టేబుల్ మీద పరిచింది.

"మొదటిసారి గుండెపోటు వచ్చాక ఆయనకి ఓపిక తగ్గింది. అప్పుడే ఒకబ్బాయి తగిలాడు. మొలకలో వాడి పేరు బార్లీ. ఎంత మర్యాదో! రెండేళ్లు కూలివాడిలా చేశాడు. ఇంకో ఇద్దరు మాత్రం ఈయన్ని ఒకటే పోరు, 'మీరు ఆలస్యం చేస్తున్నారు, బార్లీకి అప్పగించండి' అని. చివరికి అప్పగించారు."

"ఆ ఇద్దరూ ఎవరు?"

"ఆ ఇద్దరూ బార్లీయే." ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో మూడు చోట్ల సున్నా చుట్టింది. "చూడండి. కామాకి ముందు ఖాళీ వదిలాడు. ఇక్కడా అంతే. ఇక్కడా అంతే. వేరే ఎవరూ అలా కొట్టరు. పేర్లు మార్చుకున్నాడు, వేలి అలవాటు మార్చుకోలేకపోయాడు. వారం కిందట ఆయనకి చూపించాను. అప్పట్నుంచి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు."

అట్టపెట్టె అడుగున ఇంకో కాగితం ఉంది. కంపెనీ ల్యాబ్ నుంచి మొలక బహిరంగ జాబితాకు వచ్చిన ఉత్తరం. బార్లీ కొత్త వెర్షన్ వేస్తే లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోంది, కారణం తెలియడం లేదు, దయచేసి చూడండి. కింద పెద్దమనిషి జవాబు: చూస్తున్నాను, వారంలో చెప్తాను. మార్జిన్‌లో ఆయన చేతిరాత: "పరీక్ష కోసం పెట్టిన పాడైన ఫైల్ అన్నాడు బార్లీ. మరి లాగిన్ వేళ దీన్ని నడిపిస్తున్నదెవరు?"

"వారంలో చెప్తానన్నారు" అంది ఆవిడ. "ఎవరైనా చదవగలిగే చోట."

గుండీ కెమెరా కాగితాలన్నీ మింగింది. "మొలకలో మీకు నమ్మకమైన వాళ్లున్నారా?"

"తమ్ముడిలాంటివాడొకడున్నాడు. మందుల షాపు నడుపుతాడు. పదకొండేళ్ల పరిచయం. ఎదురుపడి ఎప్పుడూ చూడలేదు."

ఆవిడ ఫోన్ కలిపింది. తెర మీద తెల్లకోటు మనిషి, వెనక మందుల అరలు. "వదినా, తిన్నారా?" అన్నాడు ముందు. తర్వాత ఆ మార్జిన్ రాత చూశాడు. కౌంటరు దగ్గర ఎవరో దగ్గుమందు అడుగుతుంటే ఇచ్చి పంపి, షట్టర్ సగం దించి, కీబోర్డు ముందు కూర్చున్నాడు.

పదకొండూ ఐదుకి తలెత్తాడు. మొహం పాలిపోయి ఉంది.

"దొరికింది వదినా. పరీక్ష కోసం పెట్టిన పాడైన ఫైల్ అని చెప్పాడు కదా, అది పాడైంది కాదు. ముక్కలు చేసి దాచిన కోడ్. సీల్ వేసే సమయంలో అతుక్కుంటుంది. అది తెలిసినవాడు ఏ లాగిన్‌లోంచైనా దూరిపోవచ్చు. మేం చదివితే ఏమీ కనపడదు. కంపెనీ ల్యాబ్ గడియారం ఆ అర సెకనుని పట్టుకుంది కాబట్టి సరిపోయింది. వాళ్లకేమో పట్టుకున్నది ఏమిటో తెలీదు."

"తీసెయ్యండి" అన్నాడు గుమాస్తా.

"పాత వెర్షన్‌కి తిప్పమని, బార్లీ కంట పడకుండా ఆఖరి నిమిషంలో, నేను కోరతాను. రెండో ఆమోదం కావాలి. మొలక కమిటీలో పదిమందిమి. అయిదుగురు అవతలి ఖండాల్లో నిద్రలో ఉన్నారు. ముగ్గురు ఎత్తట్లేదు. మిగిలింది ఒక్కరు. కంపెనీ వాళ్లు కూడా మాలో సభ్యులే కదండీ. కంపెనీకి ఫోన్ చేసినా ఆవిడకే కలుపుతారు, ఆ రిలీజ్ మేనేజర్‌కి."

నెమలి.

*

పదకొండూ నలభైకి ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఒకతను కంపెనీ ఆరో అంతస్తులో దిగాడు. ఎర్ర ట్యాగుల కట్ట, క్లిప్‌బోర్డ్. వాచీ తలుపు తాళానికి ఆనించగానే పచ్చలైటు వెలిగింది. మంటలార్పే సిలిండర్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లే హక్కు అతనికుంది. ఎవరూ తలెత్తి చూడలేదు.

రిలీజ్ రూములో ఇద్దరే ఉన్నారు. గోడ మీద పెద్ద గడియారం, కింద తెర. తెర ముందు నెమలి. పచ్చరంగు డ్రస్, చెవులకి పొడవాటి దిద్దులు, గది దాటి వచ్చే సెంటు. ఆమె కుర్చీ వెనకే, ఆమె మెడకి జానెడు దూరంలో, ఒక కన్సల్టెంట్ పెన్ను తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు. పెన్ను మూత తీసి ఉంది. మొనలో సిరా లేదు. సూది ఉంది.

"రెండు నిమిషాలండీ, సిలిండర్ చెక్ చేసి పోతాను" అన్నాడు గుమాస్తా. "ఈ కిటికీ తెరుచుకుంటుందా?"

నెమలి వెనక్కి తిరగలేదు. "తెరుచుకోదు" అంది.

అంతే. రెండో ముక్క రాలేదు.

సగం కోడ్. గుమాస్తా గోడ మీది సిలిండర్‌ని కిందికి దించాడు. ఆమె భయపడి ఆపిందా, అమ్ముడుపోయి ఆపిందా? ఇదివరకైతే ఇలాంటి క్షణంలో గుండె దడదడలాడేది. ఇప్పుడు సిలిండర్ గేజ్ చూసి ప్రెషర్ రాసుకున్నాడు.

పదకొండూ యాభై ఎనిమిది. చెవిలో మందుల షాపు గొంతు: "పెట్టేశానండీ. ఆవిడ తెర మీద కనిపిస్తుంది. ఒక్క నొక్కు."

నెమలి తెర మూల చిన్న పసుపు గుర్తు వెలిగింది. కన్సల్టెంట్ ముందుకు వంగాడు. "ఏంటది?"

"మొలక నుంచి ఏదో వచ్చింది."

"వదిలెయ్."

"చూసి వదిలేస్తా."

"చూడకు." సూది ఆమె జుట్టు మొదట్లో ఆనింది.

గడియారంలో యాభై సెకన్లు మిగిలాయి. నలభై. గుమాస్తా సిలిండర్ పిన్ను లాగాడు. ఆ శబ్దానికి కన్సల్టెంట్ తల తిప్పాడు. తెల్లటి పొడి అతని కళ్లల్లో, నోట్లో, కాలరులో నిండింది. దగ్గుతూ గుడ్డిగా చెయ్యి విసిరాడు. సూది గుమాస్తా చేతికి కాక క్లిప్‌బోర్డుకి దిగి విరిగింది. సిలిండర్ అడుగు కన్సల్టెంట్ మోకాలికి తగిలింది, తర్వాత దవడకి.

"పది సెకన్లు!" చెవిలో గొంతు.

గదంతా పొడి. నెమలి ఎక్కడుందో కనిపించలేదు. ఆమె గొంతు మాత్రం వినిపించింది, నిదానంగా.

"పగులుతుంది."

మౌస్ టిక్కుమంది. గడియారం పన్నెండు చూపించింది. కంపెనీ మెషీన్ మొలక వైపు చెయ్యి చాచి, ఒక్క సెకను కిందటే వెనక్కి తిరిగిన పాత వెర్షన్‌ని, ఆ పెద్దమనిషి స్వయంగా రాసిన ఆఖరి వెర్షన్‌ని, తీసుకుంది.

*

సెక్యూరిటీ వాళ్లు కన్సల్టెంట్‌ని మోసుకుపోయారు. నెమలి దిద్దుల్లోంచి పొడి దులుపుకుంది. ఆమె రహస్య జీవితం ఆ ఒక్క నొక్కుతో అయిపోయింది. ఆ ఆమోదం కింద ఆమె పేరు ప్రపంచమంతటికీ కనిపిస్తుంది.

"ల్యాబ్ పరీక్షని పక్కన పెట్టమని వాడే ఒత్తిడి చేశాడు" అంది. "పెట్టాను. కానీ మా కంపెనీలో ఒక రూలుంది. స్తంభంలో దొరికిన తప్పు ముందు మొలకకి చెప్పాలి. దొంగచాటుగా చెప్తే దొరికిపోతాను. అందరి ముందూ చెప్తే మామూలు పనిలా ఉంటుందనుకున్నా. ఆ అర సెకను ఉత్తరం నాదే." దిద్దు సరిచేసుకుంది. "నేను రాయకపోతే ఆయన బతికుండేవాడు."

"ఉండేవాడు" అన్నాడు గుమాస్తా.

ఆమె చివాలున చూసింది. ఓదార్పు మాట కోసం ఎదురుచూసిన మొహం.

"మా తమ్ముణ్ణి ఆ డ్యూటీకి పంపిన కాగితం మీద సంతకం నాది" అన్నాడు. ఏడాదిలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఏదో అవుతుందేమోనని చూశాడు. ఏమీ కాలేదు. గొంతు కొంచెం ఎండింది, అంతే. అది పొడి వల్ల కూడా కావచ్చు.

నెమలి తెర వైపు తిరిగి, సీల్ వేసిన అప్‌డేట్‌ని గ్రిడ్‌కి పోనివ్వకుండా ఆపి, ల్యాబ్ పరీక్షలన్నీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఒక్కటీ పక్కన పెట్టలేదు. ఫలితాలు పచ్చగా వరసకట్టాక, అప్‌డేట్‌ని గ్రిడ్‌కి వదిలి, ఫలితాలని మొలకకి పంపింది. అవతలి నుంచి మందుల షాపు మనిషి రెండే మాటలు రాశాడు: అందాయి, థాంక్స్.

లిఫ్టులో దిగుతూ గుమాస్తా ఫ్లాట్‌కి ఫోన్ చేశాడు.

"అయిపోయిందమ్మా. చేసినవాడు దొరికాడు."

"ఆయన కోడ్?"

"ఆయన రాసింది రాసినట్టే వెళ్లింది."

అటువైపు ఇస్త్రీ బల్ల మడిచిన చప్పుడైంది.

"ఏడుపొచ్చిందా?" అని అడిగాడు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"లేదు బాబూ. ఆకలేస్తోంది. మూడు రోజులైంది."

"తినండి."

"మీరూ తినండి" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నం గ్రిడ్‌లో ఒక్క దీపమైనా ఆరలేదు. రైళ్లు మామూలుగా నడిచాయి. కంపెనీకి మాత్రం ముప్పై ఆరు ఫిర్యాదులు అందాయి, అన్నీ ఒకే విషయం మీద: అప్‌డేట్ పదకొండు నిమిషాలు లేటుగా వచ్చింది, ఇంత బాధ్యతారాహిత్యం ఏమిటని.