చెరిపేసిన చిన్న అంకెలు

శుభవార్త కొండాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. లిఫ్టు కోసం కూడా ఆగకుండా, చెప్పుల్లేని కాళ్లతో మెట్లు దిగి వచ్చింది.

"ఆంటీ! మా ఆయనకి సుడోకు పోటీలో ఫస్ట్! నాలుగు రోజులు సెలవు! లాప్‌టాప్ కూడా ఆఫీసులోనే వదిలేసి రావాలట!"

పై అంతస్తులో ఉండే ఆమనికి పెళ్లయి నలభై రోజులైంది. అందులో భర్త శ్యామ్ మెలకువగా ఇంట్లో కనిపించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతని కంపెనీ ఈసారి సుడోకు పోటీకి సెలవునే బహుమతిగా పెట్టింది. ఇంకేముంది, కబురు అందగానే ఆ పిల్ల మర్నాటి బస్సుకి అరకు టికెట్లు తీసేసింది.

ప్రైవేట్ డిటెక్టివ్ భ్రమరాంబ ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టింది. అది కరిగేలోగా ఫోన్ మళ్లీ మోగింది. వింటూ వింటూ ఆమని సోఫాలో కూలబడింది.

"శ్యామ్ కాపీ కొట్టాడని కంప్లయింట్ ఇచ్చారట ఆంటీ. ఐదింటిలోగా కాదని తేలకపోతే సెలవు రద్దట."

"ఏమండీ, భూతద్దం తీసుకోండి. బయల్దేరదాం," అంది భ్రమరాంబ.

సుబ్రహ్మణ్యం రిజిస్ట్రార్ ఆఫీసులో రిటైరయ్యాక భార్య దగ్గర అసిస్టెంటుగా చేరాడు. ఆవిడ తెలివి చూస్తే ఆయనకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ మాట పైకి చెప్పడు. చెబితే అలుసైపోతానని భయం.

ఆమనితో కలిసి కొత్తగూడ ట్రాఫిక్ దాటుకుని శ్యామ్ ఆఫీసు చేరేసరికి మూడున్నర. హెచ్ఆర్ మేనేజర్ సంయుక్త రెండు కాగితాలు వాళ్ల ముందు పరిచింది.

"జవాబులు పెన్నుతో రాయాలి, నోట్స్ పెన్సిల్‌తో రాసుకోవాలి. గడిలో ఏ అంకెలు పట్టే అవకాశం ఉందో చిన్నగా రాసుకుంటారు కదండీ, అవి. ఆలోచించి చేశారా, పక్కవాళ్లది చూసి రాశారా అన్నది వాటితోనే తెలుస్తుంది. అందుకే చెరపకూడదని రూలు. అవినాష్ కాగితం నిండా నోట్సే. శ్యామ్ కాగితంలో ఒక్కటీ లేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు."

"గడిగడికీ రాశానండీ!" అన్నాడు శ్యామ్, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?" అన్నాడు రెండో స్థానంలో నిలిచిన అవినాష్.

"కాపీ కొట్టినవాడు మీకంటే ముందెలా ఇచ్చాడు బాబూ?" అంది భ్రమరాంబ.

"నేను మళ్లీ సరిచూసుకుంటున్నాను మేడమ్. అతనికి ఆ పని లేదుగా."

కాగితాలు లంచ్ టైములో సంయుక్త టేబుల్ మీదే ఉన్నాయట. ఆ గది శుభ్రం చేసే రేణుకని పిలిపించారు.

"టేబుల్ తుడిచిన గాని, కాయితం తుడుస్తనా మేడమ్?" అంది రేణుక కస్సుమంటూ. "ఇద్దరు సార్లు వచ్చి పోయిండ్రు. అవినాష్ సారు పెన్సిళ్లు వాపస్ ఇయ్యనీకి వచ్చిండు. శ్యామ్ సారు రిజల్ట్ ఎప్పుడని అడగనీకి వచ్చిండు. టేబుల్ నిండ రబ్బరు పొట్టే. గిట్ల నన్ను పరేషాన్ చేస్తరేంది?"

సుబ్రహ్మణ్యం భూతద్దంతో అవినాష్ కాగితం చూసి ముచ్చటపడ్డాడు. "ఎంత పొందిగ్గా ఉందో చూడు! పెద్ద అంకె పెళ్లికూతురిలా మధ్యలో కూర్చుంది. చిన్న అంకెలు పేరంటాళ్లలా చుట్టూ నిలబడ్డాయి. ఒకదానికొకటి తగల్లేదు."

"అదేనండీ, మరీ పొందిగ్గా ఉంది," అంది భ్రమరాంబ. శ్యామ్ కాగితాన్ని కళ్ల ఎత్తుకి లేపి, ఏటవాలుగా చూసి పెట్టేసింది.

నాలుగున్నరకి అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది.

"మా ఆయన రోజూ పేపర్లో సుడోకు చేస్తారు. ముందు చిన్న అంకెలు పడతాయి. జవాబు తేలాక పెద్ద అంకె వాటి నెత్తిన పడుతుంది. ఆయన కాగితం చూస్తే చీమల మీద ఏనుగులు నడిచినట్టుంటుంది."

సుబ్రహ్మణ్యం గర్వంగా తలూపాడు.

"అవినాష్ కాగితంలో ఒక్క ఏనుగూ ఒక్క చీమనీ తొక్కలేదు. అంటే ముందు జవాబులు రాశారు. నోట్స్ తర్వాత వచ్చాయి."

"చేతిరాత శుభ్రంగా ఉండటం నేరమా మేడమ్?"

"కాదు బాబూ. ఈ గడిలో మూడు, ఎనిమిది అని రాశారు. ఎందుకు?"

"రెండింట్లో ఏదో ఒకటి పడుతుందని."

"ఏమండీ, ఆ వరుస చివర ఏముందో చదవండి."

"ఎనిమిది," అన్నాడు సుబ్రహ్మణ్యం. వెంటనే ఉలిక్కిపడ్డాడు. "ఇది అచ్చులోనే ఉందే!"

"వరుసలో ఏ అంకైనా ఒక్కసారే రావాలి. మొదటి నుంచీ ఎనిమిది కళ్లెదుటే ఉంటే, అదే వరుసలో ఇంకోటి పట్టవచ్చని ఎవరు రాసుకుంటారు? ఆలోచించేవాడు రాయడు. ఆలోచించినట్టు కనబడాలనుకునేవాడు రాస్తాడు. ఇలాంటివి పదకొండున్నాయి."

ఆవిడ గదిలో లైటు ఆర్పించి, శ్యామ్ కాగితం మీద ఫోన్ వెలుగుని పక్కనుంచి వేసింది. గడిగడిలోనూ, పెన్ను అంకెల కింద, సన్నని నొక్కులు తేలాయి. పెన్సిల్ పోయినా అది నొక్కిన గుర్తు పోలేదు.

"అవినాష్ ఇక్కడ శ్యామ్ నోట్స్ చెరిపి, తన కాగితంలో నోట్స్ అల్లుకున్నారు. పెన్సిళ్లు ఇవ్వడానికి వచ్చిన పని అదే."

అవినాష్ తల దించుకున్నాడు. "రేపు పదకొండింటికి నాకు పెళ్లిచూపులండీ. మూడుసార్లు అడిగినా సెలవు దొరకలేదు. నాకు సుడోకు రానే రాదు. శ్యామ్‌ది చూసి రాశాను. సారీరా."

"సెలవు శ్యామ్‌దే," అంది సంయుక్త. "ఆ నాలుగు రోజులూ అతని షిఫ్టు నువ్వే చెయ్యాలి. రేపటి నుంచే."

శ్యామ్ లాప్‌టాప్‌ని వేడి గిన్నె దించినట్టు టేబుల్ మీద దించాడు. ఆమని చప్పట్లు కొట్టబోయి, అవినాష్ మొహం చూసి ఆగిపోయింది.

"పాపం ఆంటీ, పెళ్లిచూపులు..." అంది.

భ్రమరాంబ అవినాష్ వైపు తిరిగింది. "అమ్మాయి తరఫువాళ్లు ఎంతమంది బాబూ?"

"పద్నాలుగు మంది."

"సంయుక్తగారూ, పద్నాలుగు విజిటర్ పాసులు రాయించండి. రేపు పదకొండింటికి కింద క్యాంటీన్‌లో పెళ్లిచూపులు. అబ్బాయి తరఫు పెద్దలుగా మేమిద్దరం వస్తాం. జరిగింది మాత్రం ఆ అమ్మాయికి నువ్వే చెప్పాలి. నీ బ్రేక్ పావుగంటేనట, అందుకని ముందు అదే చెప్పు."