"బాగుంది" అన్న గొంతు

ఉదయం పదకొండూ పది. మూతపడిన జిరాక్స్ షాపు వెనక గది.

"కోడ్?" అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండా.

"గొడుగు తడిసింది."

"ఎండ మాడ్చేస్తోంది. కూర్చో."

ఏజెంట్ పిన్నీసు కూర్చుంది. డిపార్ట్‌మెంట్‌లో ప్రమాదాన్ని అందరికన్నా ముందు పసిగట్టేది ఆమే. అది ట్రైనింగ్ గొప్పతనం కాదు. కూతురు మూడో రింగుకి ఫోన్ ఎత్తకపోతే చాలు, ఆమె మనసులో అంబులెన్సు బయల్దేరిపోతుంది.

"వారం నుంచి రేడియో స్టేషన్‌లో నేల తుడుస్తున్నావు. ఏం తేలింది?"

"మంచివాళ్లు సార్. అదే భయంగా ఉంది."

నదికి ఇటొక దేశం, అటొక దేశం, మధ్యలో వంతెన. రెండు గట్ల మీదా రెండే గదుల్లో, ఏ సర్కారు చెప్పుచేతల్లోనూ లేకుండా నడిచే చిన్న స్టేషన్ అది. బోర్డు మీద "దక్షిణాసియా ప్రజల రేడియో" అని ఐదు భాషల్లో ఉంటుంది. జనం మాత్రం రెండు గట్ల రేడియో అంటారు. ఇటు ఎడిటర్ మాస్టారు. అటు ఎడిటర్ అక్కయ్య. వాళ్లకి ఒకటే నియమం. ఇటు రాసిన వార్త అటు, అటు రాసింది ఇటు ఫోన్‌లో చదివి వినిపించాలి. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే అది మైకు ముందుకి వెళ్తుంది.

"రెండు దేశాలకీ తుపాకులమ్మే విదేశీ ముఠా దిగింది," అన్నాడు చీఫ్. "వంతెన నడిస్తే వాళ్ల బేరం నడవదు. పన్నెండు గంటల బులెటిన్‌లో దొంగవార్త దూరుస్తున్నారు. అవతలివాళ్లు వంతెన కింద బాంబులు పెట్టారని. ఆపు."

పిన్నీసు గడియారం చూసింది. పన్నెండింటికి నర్సింగ్ స్కూలు పిల్లలు వంతెన దాటి ఇంటికొస్తారు. వాళ్లలో తన కూతురు. నడుస్తూ అందరూ వినేది ఈ రేడియోనే. బాంబు అక్కర్లేదు, తొక్కిసలాట చాలు.

"ముందు వంతెన ఖాళీ చేయించండి సార్. మా అమ్మాయి ఉంటుంది."

"చేయిస్తే ముఠా జారుకుంటుంది. లోపల మన మనిషి ఉంది. వార్తలు చదివే పిల్ల, పాలపిట్ట. ముఠా తిండి తింటూ మనకి కబుర్లు అందిస్తోంది."

"రెండిళ్లలో తినేది ఏ ఇంటికి కాపలా కాస్తుంది సార్?"

"నీకన్నీ అనుమానాలే. వెళ్లు."

పదకొండూ నలభై. స్టేషన్‌లో పిన్నీసు. ఒక చేతిలో ఫినాయిలు బకెట్. ఇంకో చేతిలో తుడుపు కర్ర, లోపల జామర్. మీట నొక్కితే ప్రసారం ఆగిపోతుంది. చెవిలో వినికిడి మిషన్, అందులో స్టేషన్ ఫోన్ వినిపిస్తుంది.

నల్ల కళ్లద్దాలు, సెంటు ఘాటుతో పాలపిట్ట వచ్చి మాస్టారి బల్ల మీద కాగితం పెట్టింది. "ఇప్పుడే వచ్చింది మాస్టారూ. అర్జెంట్."

మాస్టారు చదివి "అయ్యో" అన్నాడు. అయినా పెన్ను తీసి పేజీని నాలుగు లైన్లకి కుదించాడు. అవతలి గదికి ఫోన్ చేసి చదివాడు.

"నిజమే మాస్టారూ," అంది అవతలి గొంతు. అచ్చం అక్కయ్య గొంతే. "మావాళ్లే పెట్టారు. నాలుగు ముక్కల్లో ఎంత చక్కగా రాశారు! బాగుంది. చదివించండి."

మాస్టారు ఫోన్ పెట్టేసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పదకొండేళ్లకి నా రాత బాగుందని ఒప్పుకుందమ్మా," అన్నాడు తుడుపు మనిషితో. అంత ఘోరమైన వార్త చేతిలో ఉన్నా ఆ ముసలి మొహంలో వెలుగు.

పిన్నీసు తుడవడం ఆపేసింది. వారం నుంచి ఆ ఫోన్ వింటోంది. "ఏమయ్యా, ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఆ ముక్క ఏదీ?" అని అక్కయ్య దులిపేయని వార్త లేదు. వాతావరణ సూచనకి కూడా వంక పెట్టే మనిషి. బాగుంది అన్నదంటే ఆమె అక్కయ్య కాదు.

"మాస్టారూ, అది దొంగ గొంతు! లైన్లో ఎవరో దూరారు, ఆపండి!"

"నేల తుడిచే నీకు కూడా నా రాత మీద అసూయేనా?" అని మాస్టారు మొహం తిప్పుకున్నాడు. కాగితం అప్పటికే స్టూడియోలో ఉంది.

పదకొండూ యాభై తొమ్మిది. పిన్నీసు కర్రలోని మీట నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

"దీనికోసమా పిన్నీ?" స్టూడియో గుమ్మంలో పాలపిట్ట. ఎర్ర గోళ్ల మధ్య జామర్ బ్యాటరీ.

"నువ్వు చీఫ్ మనిషివి కదే!"

"ఆయన మనిషినే. ఆపమని నీకు చెప్పాడు, చదవమని నాకు చెప్పాడు. తుపాకులు అమ్మేవాడికి సర్కారులో కొనేవాడు కూడా కావాలిగా?"

"మరి నన్నెందుకు పంపాడు?"

"ఆపడానికి మనిషిని పంపాం అని ఫైల్లో ఉండాలి కదా." నవ్వి మైకు ముందు కూర్చుంది. ఎర్ర లైటు వెలిగింది.

మూడు. రెండు.

పిన్నీసు బకెట్ ఎత్తి ఫినాయిలు నీళ్లన్నీ ప్రసారం నడిపే మిక్సర్ మీద కుమ్మరించింది. చిటపటలు, పొగ. రెండు గట్ల మీదా రేడియో మూగబోయింది. పాలపిట్ట వెనక తలుపులోంచి ఎగిరిపోయింది.

నాలుగో రింగుకి కూతురు ఫోన్ ఎత్తింది. "ఏంటమ్మా నీ గోల? వంతెన మీదున్నా. రేడియో ఆగిపోయింది, అంతే. ఎవరూ చావలేదు."

పిన్నీసు తుడుపు కర్ర అందుకుని తడి నేల తుడవడం మొదలుపెట్టింది.

మూడో రోజున స్టేషన్‌కి సీలు వేశారు. నేరం: ప్రతిరోజూ అవతలి దేశానికి ఫోన్లు చేయుట. సంతకం, చీఫ్. ప్రభుత్వ పరికరం కాకపోయినా మిక్సర్ పాడుచేసినందుకు పిన్నీసు సస్పెండయింది. పాలపిట్ట కొత్త సర్కారీ చానెల్‌లో దేశభక్తి కార్యక్రమం చేస్తోంది. నెల తిరక్కుండా రెండు గట్లకీ తుపాకులు వచ్చాయి, ఒకే పడవలో.

సీలు వేసిన రోజున, గోడకంటించిన నోటీసుని మాస్టారు అలవాటుకొద్దీ పిన్నీసు ఫోన్‌లోంచి అక్కయ్యకి చదివి వినిపించాడు. ఈసారి అసలు అక్కయ్యే.

ఆమె అంతా వింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"ఏమయ్యా," అంది. "ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఆ ముక్క ఏదీ? ఇలాంటిది మన దగ్గరకొస్తే చదవనిచ్చేదాన్నా?"